జిల్లా వైద్యాధికారి గారికి బహిరంగ లేఖ: పిల్లల కేన్సర్ గుర్తులు ఊరూరా చెప్పించండి

అయ్యా,

దేవరకొండ దగ్గరి పల్లె నుంచి ఒక తండ్రి నమస్కరించి రాస్తున్నది. ఇదే విషయమై రెండుసార్లు అర్జీ ఇచ్చాను. రసీదులున్నాయి, జవాబు రాలేదు. అందుకే నలుగురి ముందు అడుగుతున్నాను.

మా పాపకు ఆరేళ్లు. జ్వరం తగ్గినట్టే తగ్గి మళ్లీ వచ్చేది. పిక్కల మీద నీలం మచ్చలు చూసి ఆటల్లో దెబ్బ తగిలిందనుకున్నాం. ఒకరోజు తెల్లారేసరికి దిండంతా రక్తం, ముక్కులోంచి కారింది. రెండు నెలలు సూదులు, సెలైన్లు ఎక్కించారు. మామూలు రక్త పరీక్ష రాయాలని ఎవరికీ తోచలేదు, అడగాలని మాకూ తెలియదు. హైదరాబాద్ వెళ్లాకే బ్లడ్ కేన్సర్ అని తేలింది. పాపతో వాళ్లమ్మ అక్కడ, పత్తి చేనులో నేనిక్కడ. ఫోన్ మోగితే చాలు, టెన్షన్.

పిల్లలకు వచ్చే కేన్సర్లలో ఎక్కువగా కనిపించేది ఈ బ్లడ్ కేన్సరే. ధనిక దేశాల్లో కేన్సర్ వచ్చిన పిల్లల్లో 80 శాతానికి పైగా బతుకుతున్నారు. ప్రపంచమంతటా 2030కల్లా కనీసం 60 శాతం మంది బతకాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో లక్ష్యం పెట్టుకుంది. మా పల్లెలో ఆ మాట చెప్పినవారు లేరు.

సెప్టెంబర్ పిల్లల కేన్సర్ అవగాహన నెల. ఆలోపు ప్రతి అంగన్‌వాడీ, బడి, ఆరోగ్య కేంద్రం గోడ మీద ఈ గుర్తులు రాయించండి: వదలని జ్వరం, పాలిపోవడం, కారణం లేని నీలం మచ్చలు, మెడలోనో కడుపులోనో గడ్డ, కంటిపాపలో తెల్లని మెరుపు. తండాల్లో లంబాడీ భాషలో చెప్పించండి. ఆశా కార్యకర్తలకు, ఏఎన్ఎంలకు శిక్షణ ఇప్పించండి.

30 రోజుల్లో రాతపూర్వకంగా జవాబు ఇవ్వాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక తండ్రి