పెనంలా కాలే జారుడుబల్ల

సంపాదకుల వారికి,

మొన్న ఆదివారం సాయంత్రం నాలుగింటికి మా నాలుగేళ్ల పాపను, ఏడాదిన్నర బాబును మా పట్టణంలోని పార్కుకు తీసుకెళ్లాం. ఇనుప జారుడుబల్ల పెనంలా కాలుతోంది. కూర్చున్న మరుక్షణమే పాప కెవ్వుమంది. మా అత్తగారు సంచిలోంచి తువ్వాలు తీసి, తడిపి, బల్లంతా తుడిచారు. వేడి తగ్గలేదు సరికదా, తువ్వాలే ఆరిపోయింది! రెండు ఉయ్యాలల్లో ఒకదానికి గొలుసు మాత్రమే మిగిలింది.

అసలు అవస్థ తర్వాత మొదలైంది. పాప ‘అమ్మా, ఒకటికి’ అంది. మరుగుదొడ్డికి తాళం. తాళంచెవి సూపర్‌వైజరు దగ్గర ఉందట, ఆయనకు ఆదివారం సెలవట. పిల్లలు పార్కుకు వచ్చేదే ఆదివారం కదండీ! చివరికి ప్రహరీ పక్కన చీర కొంగు అడ్డం పెట్టాల్సి వచ్చింది. గేటు దగ్గర రంగుల దీపాలు మాత్రం పట్టపగలే వెలుగుతున్నాయి.

పార్కులు, ఆటస్థలాల ఏర్పాటును 1992 నాటి 74వ రాజ్యాంగ సవరణ పురపాలక సంఘాలకు అప్పగించదగిన పనుల్లో చేర్చింది. మేమడిగేది పెద్ద ఖర్చేమీ కాదు. జారుడుబల్లకు పడమట రెండు వేపమొక్కలు నాటించండి, అవి ఎదిగేదాకా రేకుల నీడ వేయించండి. తాళంచెవి కాపలాదారు దగ్గర ఉంచండి.

— ఇద్దరు పిల్లల తల్లి