ఆర్‌పీఎం ముల్లు పడిపోయిందని మీటరు మార్చమనేవారికి

మా వర్క్‌షాపుకు పాత డీజిల్ కార్లు తెచ్చే వారందరికీ నమస్కారం.

టాకోమీటర్ (ఇంజను నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోందో, అంటే ఆర్‌పీఎం, చూపే మీటరు) పని చేయడం లేదని వచ్చినవారికి మేము వెంటనే మీటరు మార్చి ఇవ్వడం లేదు. దీనికి కొందరు నొచ్చుకున్నారు. "ముల్లు కదలనప్పుడు మీటరు కాక ఇంకేం చూస్తారు?" అని అడిగారు. న్యాయమైన ప్రశ్న, అందుకే వివరంగా రాస్తున్నాను.

పాత పెట్రోల్ కారులో టాకోమీటర్ స్పార్క్ పుట్టించే ఇగ్నిషన్ కాయిల్ పల్సులను లెక్కపెట్టుకుంటుంది. డీజిల్ ఇంజనులో స్పార్కే ఉండదు కనుక ఆ సంకేతం మరో చోటి నుంచి రావాలి. కొన్ని కార్లలో ఫ్లైవీల్ పళ్ల దగ్గరో ఇంజెక్షన్ పంపు దగ్గరో ఒక సెన్సర్ ఉంటుంది. చాలా పాత కార్లలో మాత్రం ఇంజను బెల్టుతో తిరిగి బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్ వెనక ‘డబ్ల్యూ’ గుర్తున్న టెర్మినల్ నుంచే వస్తుంది. అంటే ముల్లు చూపేది నిజానికి ఆల్టర్నేటర్ వేగాన్ని. ఇంజను 800 ఆర్‌పీఎంలో ఉండి, పుల్లీల (బెల్టు తిరిగే చక్రాల) నిష్పత్తి 2.5 అయితే ఆల్టర్నేటర్ 2000 ఆర్‌పీఎంలో తిరుగుతుంది. అందులో ఆరు జతల అయస్కాంత ధ్రువాలుంటే డబ్ల్యూ దగ్గర సెకనుకు 200 పల్సులు, అంటే 200 హెర్ట్జ్ రావాలి. మల్టీమీటర్ పెడితే ఇది తేలిపోతుంది. అక్కడ సరైన సంకేతం ఉండి మీటరు వెనక లేకపోతే లోపం మధ్యలోని వైరుది. రెండు చోట్లా ఉండి, మీటరుకు కరెంటు, ఎర్త్ కూడా సరిగ్గా అందుతుంటే అప్పుడు మీటరు విప్పుతాం. అందులోనూ చాలాసార్లు పగిలిన టంకం అతుకే దొరుకుతుంది, దాన్ని మళ్లీ అతికితే చాలు.

ముల్లు తప్పు చూపే తీరే సగం సంగతి చెబుతుంది. కరెంటు లోడు పడినప్పుడు వణికి కిందికి జారితే ముందు బెల్టు చూస్తాం. అన్ని వేగాల్లోనూ ఒకే నిష్పత్తిలో ఎక్కువో తక్కువో చూపితే, ఎప్పుడో ఆల్టర్నేటర్ మార్చినప్పుడు వేరే సైజు పుల్లీ వచ్చి ఉంటుంది. ఆ కారుకు కొత్త మీటరు వేసినా అదే తప్పు చూపిస్తుంది! స్టార్ట్ చేశాక సున్నా దగ్గరే ఉండి, ఒకసారి యాక్సిలరేటర్ తొక్కాక లేచే ముల్లు నాకు అన్నిటికంటే ముఖ్యం. డ్యాష్‌బోర్డులోని ఛార్జింగ్ దీపం మాడిపోతే ఆల్టర్నేటర్‌కు ఆ దీపం గుండా రావలసిన తొలి కరెంటు అందక, వేగం పెరిగేదాకా అది మేల్కోదు. చిన్న బల్బు మారిస్తే తీరిపోయే సమస్య అది. దానికి మీటరు అమ్మడానికి నా మనసు ఒప్పదు.

కాబట్టి ఇకపై కొలతలు తీశాకే ఏ భాగమైనా మారుస్తాం. ఈ పరీక్షకు రుసుము విడిగా తీసుకుంటాం, దొరికిన లోపం వదులైన వైరే అయినా సరే. వెతకడానికి పట్టే సమయం లోపం చిన్నదైనంత మాత్రాన తగ్గదు. మీటరు విప్పాల్సి వస్తే కారు ఆ రోజే తిరిగి ఇస్తామని మాట ఇవ్వలేను. పాత ప్లాస్టిక్ క్లిప్పులు తొందరపడితే విరిగిపోతాయి, కొన్ని మోడళ్లకు అవి మళ్లీ దొరకవు.

వచ్చేటప్పుడు రెండు విషయాలు చెప్పండి: ఆల్టర్నేటర్ ఎప్పుడైనా మార్చారా, ముల్లు ఆగినప్పుడు మిగతా మీటర్లు కూడా ఆగాయా. అలాగే తాళం తిప్పి, ఇంజను స్టార్ట్ చేయకముందు ఛార్జింగ్ దీపం వెలుగుతోందో లేదో చూసుకోండి. వెలగకపోతే ఆలస్యం చేయకుండా కారు తీసుకురండి. ఆల్టర్నేటర్ ఆగిపోయినా ఆ దీపం వెలగదు కాబట్టి మీకు తెలియదు.