ఎదురింటి పెద్దాయన ఇత్తడి

ఒరే మామా,

మీ ఎదురింటి పెద్దాయన పోయాక గ్యారేజీలో మిగిలిన ఖాళీ తూటా కేసులు (పేలాక మిగిలే ఇత్తడి గొట్టాలు) ఆయన భార్యకి ఎలా అమ్మిపెట్టాలని నువ్వడిగిన మెసేజ్ చూశాను, ఆ పదకొండు ఫోటోలూ చూశాను. ఫోన్లో చెప్తే తెమిలే విషయం కాదని ఆదివారం పొద్దున్నే కాఫీ పెట్టుకుని రాయడానికి కూర్చున్నాను. నిదానంగా చదువు. ముందు చెప్పేది మాత్రం రెండుసార్లు చదువు.

నీ గ్రీన్ కార్డ్ ఇంకా రాలేదు కదా. అయితే ఆ బకెట్లలోది ఒక్క ఖాళీ కేసు కూడా నీ ఇంటికి తేకు. ఖాళీదే కదా, ఉత్త ఇత్తడే కదా అనుకుంటావు. అమెరికా ఫెడరల్ చట్టంలో అమ్యునిషన్ అంటే నిండు తూటా ఒక్కటే కాదు. కేసు, అడుగున నిప్పు రాజేసే ప్రైమర్, ముందుండే గుండు, లోపలి తుపాకీ మందు, ఏది విడిగా ఉన్నా అమ్యునిషనే. హెచ్1బీ లాంటి వీసా మీద ఉన్నవాళ్ళ దగ్గర అది ఉండకూడదు. హంటింగ్ లైసెన్స్ ఉంటే మినహాయింపు ఉంది, ఇంకా ఒకటి రెండు ఉన్నాయి. కానీ ఇన్నేళ్ళు క్యూలో నిలబడ్డవాడివి, వాటిని నమ్ముకుని రిస్క్ తీసుకోవద్దు, ముందు మీ లాయర్‌తో మాట్లాడు. ఆ పెద్దావిడకి సాయం చెయ్యాలన్న నీ మనసు నాకు తెలుసు. సాయం అక్కడే చెయ్యి. ఆవిడ గ్యారేజీలో, ఆవిడ ఎదురుగా, ఆవిడ మనవడు కేసులు తీసి చూపిస్తుంటే నువ్వు పక్కన కూర్చుని లిస్టు రాయి. అమ్మేది ఆవిడ, డబ్బు ఆవిడది, పెట్టెలు ఆవిడ ఇంట్లోనే ఉంటాయి. డిసెంబర్‌లో కాకినాడ వెళ్తున్నావు కాబట్టి ఇంకోమాట: ఆ గ్యారేజీకి వేసుకెళ్ళిన జాకెట్ జేబులు దులిపి చూసుకో. హైదరాబాద్ ఎయిర్‌పోర్టులో ఒక్క కేసు బయటపడినా ఎంత గొడవో నీకు చెప్పక్కర్లేదు.

సరే, ఇప్పుడు విషయంలోకి వద్దాం. తూటా పేలాక మందు కాలిపోతుంది, గుండు వెళ్ళిపోతుంది, ప్రైమర్ చచ్చిపోతుంది. మిగిలేది కేసు. నూటికి 70 పాళ్ళు రాగి, 30 పాళ్ళు జింకు. తూటా మొత్తంలో ఖరీదైన భాగం అదే, మళ్ళీ వాడుకోగలిగింది కూడా అదొక్కటే. ఇంట్లో తూటాలు నింపుకునే నాలాంటి వాళ్ళు అందుకే దాన్ని ఏరి దాచుకుంటాం. ఫ్యాక్టరీ తూటాని ఒక్కసారి పేల్చి తీసిన కేసుని "వన్స్ ఫైర్డ్" అంటారు. కొత్త కేసుకి ఎంతో ఆ ధర దీనికి పైకప్పు, పాత సామాన్ల వాడు తూకానికి ఇచ్చే పౌనుకి రెండు మూడు డాలర్లు నేల. ఆ రెండిటి మధ్య నీ కేసు ఎక్కడ నిలబడుతుందన్నది ఒక్కదాని మీద ఆధారపడుతుంది: ఇది నిజంగా ఒక్కసారే పేలిందని కొనేవాడు నిన్ను నమ్మాలి. పైకి చూస్తే తెలియదురా. మూడుసార్లు పేలిన కేసుని తోమి పెడితే కొత్త పెళ్ళికూతురిలా మెరుస్తుంది.

నాకు ఈ పాఠం ఎలా వచ్చిందో చెప్తాను. 2013లో ఇక్కడ తూటాలు, ప్రైమర్లు, కేసులు ఏవీ దొరకలేదు. ఆ ముందు డిసెంబర్‌లో కనెక్టికట్ స్కూల్లో జరిగిన ఘోరం తర్వాత కొత్త చట్టాలు వస్తాయేమోనని జనం షాపులన్నీ ఊడ్చేశారు. ఆ టెన్షన్‌లో ఒక గన్ షోలో, అంటే తుపాకుల సంతలో, ఒకాయన దగ్గర 308 అనే సైజు మిలిటరీ కేసులు 500 కొన్నాను. వన్స్ ఫైర్డ్ అని గట్టిగా చెప్పాడు. అది అబద్ధం కూడా కాకపోవచ్చు, కానీ అవి పేలింది మెషిన్ గన్‌లో. మెషిన్ గన్ చాంబర్, అంటే తూటా కూర్చునే గది, వదులుగా ఉంటుంది, కేసు అందులో సాగుతుంది. దాన్ని మన రైఫిల్‌కి పట్టేలా డై అనే అచ్చులో వెనక్కి నొక్కి, మళ్ళీ పేల్చి, మళ్ళీ నొక్కితే, అడుగుకి కాస్త పైన గోడ పల్చబడుతుంది. నేను మూడోసారి నింపి పేల్చినప్పుడు చప్పుడులోనే తేడా తెలిసింది. చాంబర్‌ని మూసే బోల్ట్ లాగితే కేసు అడుగు మాత్రం బిళ్ళలా బయటికొచ్చింది, పైభాగమంతా చాంబర్‌లోనే అతుక్కుపోయింది. కళ్ళజోడు పెట్టుకుని ఉన్నాను కాబట్టి సరిపోయింది. రేంజ్‌లో పెద్దాయన ఒకాయన వచ్చి ప్రత్యేకమైన పనిముట్టుతో దాన్ని లాగి తీశారు. నా చేతులు ఆ సాయంత్రం దాకా వణుకుతూనే ఉన్నాయి. మిగిలినవన్నీ స్క్రాప్‌కి వేశాను. అందుకే అడుగుతున్నాను, తెలియనిది తెలిసినట్టు ఆవిడ చేత ఒక్క మాట కూడా చెప్పించకు.

ఎలా చూడాలో మనవడికి చూపించు. కేసుని వెలుతురులో పట్టుకుని అడుగు నుంచి అర అంగుళం లోపు చూడమను. అక్కడ చుట్టూ సన్నని తెల్లటి గీత మెరుస్తుంటే అది చచ్చిపోయిన కేసే. అనుమానమొస్తే జెమ్ క్లిప్పు సాపు చేసి, చివర చిన్న కొక్కెంలా వంచి, లోపలికి పోనిచ్చి గోడ వెంబడి పైకి లాగాలి. గోడ బాగుంటే నున్నగా జారుతుంది. పల్చబడితే ఆ చోట టక్కున తట్టుకుంటుంది. ఒకసారి తట్టుకుంటే వేలికి తెలిసిపోతుంది, ఇంక మర్చిపోవు. కేసు మెడ (నోటి దగ్గర సన్నబడే భాగం) దగ్గర చీలిక ఉందేమో కూడా చూడండి. నీ నాలుగో ఫోటోలో మెడ నీలంగా, గోధుమరంగుగా ఉన్నవి చూసి కాలిపోయాయా అని అడిగావు. అవి కాలలేదు. ఇత్తడి మెత్తబడటానికి ఫ్యాక్టరీలో మెడని వేడి చేస్తారు, ఆ మరక అది. చాలా కంపెనీలు దాన్ని పాలిష్ చేసి తీసేస్తాయి, మిలిటరీ వాటికి, ఫిన్లాండ్ లపువా కంపెనీ వాటికి అలాగే ఉంచుతారు. చూసేవాడికి అది మంచి గుర్తు.

ఆ వేడి ఎందుకు ముఖ్యమో తెలిస్తే నీకు ఇష్టమవుతుంది, కథ మన దేశంలోదే. బ్రిటిష్ సైన్యం వానాకాలంలో తూటాలు తెచ్చి గుర్రపుశాలల్లో పెట్టేది. తీసి చూస్తే కేసులు వాటంతటవే పగిలి ఉండేవి. గుర్రాల మూత్రం నుంచి వచ్చే అమ్మోనియా, సాగదీసిన ఇత్తడిలో మిగిలిపోయిన బిగువు, ఆ రెండూ కలిస్తే ఇత్తడి పగులుతుందని 1921లో తేల్చారు. వేడి చేసి బిగువు వదిలిస్తే ఆ పగుళ్ళు ఆగాయి. అందుకే ఆ అబ్బాయిని అమ్మోనియా ఉన్న మెటల్ పాలిష్ వాడొద్దను. గోరువెచ్చని నీళ్ళలో చుక్క గిన్నెల సబ్బు, చిటికెడు నిమ్మ ఉప్పు చాలు. మా అమ్మమ్మ బిందెలు చింతపండుతో తోమేది గుర్తుందా, అదే పని. పులుపు ఎక్కువైతే జింకు వదిలి కేసు గులాబీ రంగుకి తిరుగుతుంది, జాగ్రత్త. ఇంకోటి, కాలిన ప్రైమర్ మసిలో సీసం ఉంటుంది. వంటింటి సింకులో కడగొద్దు, వంటింటి తూకం వాడొద్దు, పనయ్యాక చేతులు సబ్బుతో కడుక్కోవాలి. మీ బుజ్జిదాన్ని ఆ గ్యారేజీ వైపు రానివ్వకు.

ఇక వేరుచెయ్యడం. ముందు అయస్కాంతం. అతుక్కున్నవి ఉక్కువి, పక్కన పారెయ్యండి. తర్వాత అడుగున చెక్కిన అక్షరాలు చదవాలి. కంటితో అంచనా వెయ్యొద్దు, 308కీ 243కీ అడుగు ఒకటే, 30-06కీ 270కీ అడుగు ఒకటే. ఎల్‌సీ అని, పక్కన వృత్తంలో ప్లస్ గుర్తు, రెండంకెలు ఉంటే అవి మిస్సోరీలోని లేక్ సిటీ ఆర్మీ ఫ్యాక్టరీవి, ఆ రెండంకెలు తయారైన సంవత్సరం. గట్టి కేసులు, కానీ ప్రైమర్ చుట్టూ అంచు నొక్కి ఉంటుంది, దాన్ని తీస్తేగానీ కొత్త ప్రైమర్ ఎక్కదు. ఆ పని చేసి అమ్మితే ధర పెరుగుతుంది, చెయ్యకపోతే చెయ్యలేదని రాస్తే చాలు. 308 కేసుల నోట్లోకి తొంగి చూడమను, చిన్న 22 తూటా లోపల పడి ఉంటుంది ఒక్కోసారి. పేలని తూటా ఒక్కటి కనిపించినా పక్కన పెట్టాలి. పోస్టులో అది పంపకూడదు.

లెక్కపెట్టే ఓపిక లేకపోతే తూకం. 223 కేసులు పౌనుకి సుమారు 75 వస్తాయి, మిలిటరీ 308 అయితే 40 లోపు. ఫోటోలో కనిపించిన ఆ రెండు బకెట్ల 223 చూసి ఆవిడ ఆశపడుతోందన్నావు. అక్కడ ఆశ తగ్గించాలి. అవి ఎక్కడైనా దొరుకుతాయి, మామూలు రోజుల్లో ఒక్కోటి పది సెంట్లు దాటితే గొప్ప. అసలు సొత్తు ఆ బకెట్ల వెనక షెల్ఫ్ మీద ఉంది. నీ తొమ్మిదో ఫోటో పెద్దది చేసి చూశాను. ఆకుపచ్చ డబ్బాల మీద 35 రెమింగ్టన్, 300 సావేజ్ అని ఉన్నాయి. రెండూ పాత తూటాల పేర్లు, ఒకటి 1906లో వచ్చింది, ఇంకోటి 1920లో. మీ పెన్సిల్వేనియా అడవుల్లో జింకల వేటకి తాతల కాలం నుంచీ ఇష్టపడ్డ తుపాకులవి. తుపాకులు ఇంకా జనం దగ్గర ఉన్నాయి, ఫ్యాక్టరీలేమో ఆ కేసులు ఎప్పుడో ఒకసారి చేస్తాయి. వెతుక్కుంటూ తిరిగేవాళ్ళు ఉన్నారు. యాభై సావేజ్ కేసులు ఒక బకెట్ 223కి సాటి రావచ్చు. ధర కోసం గన్‌బ్రోకర్ అనే వేలం వెబ్‌సైట్‌లో అమ్మేవాడు అడిగిన రేటు చూడొద్దు, వేలం ముగిసి అమ్ముడైన రేటు చూడండి. ఎవడైనా ఎంతైనా అడుగుతాడు.

అన్నిటికన్నా నన్ను ఆపేసింది ఆ పదో ఫోటో. ఆ నల్ల నోట్‌బుక్. పేజీ మసకగా ఉన్నా పెన్సిల్ గీతలు కనిపించాయి: డబ్బా నంబరు, కంపెనీ, ఏ తుపాకీలో పేలింది, ఎన్నిసార్లు. కొన్నిటి దగ్గర ఒకటి, కొన్నిటి దగ్గర నాలుగు. మామా, ఆయన పోయాక కూడా ఆ కేసుల గురించి నిజం చెప్పగలిగింది ఆ పుస్తకమొక్కటే. ప్రతి డబ్బాని ఆ పేజీతో జత చేసి ఫోటో తియ్యండి. నాలుగుసార్లు పేలినవి నాలుగుసార్లు అనే అమ్మండి, తక్కువకైనా కొనేవాళ్ళుంటారు. పుస్తకంలో లేనివన్నీ "చరిత్ర తెలియదు" అని ఒక పక్కకి. బకెట్లు ఆ కిందకే వస్తాయి. పుస్తకం మాత్రం అమ్మనివ్వకు, కొనేవాడు అడిగినా పేజీ ఫోటో చాలు. అది ఆవిడ దగ్గరే ఉండాలి.

ఆయన చేత్తో నింపిన తూటాలు కూడా ఉంటాయి చూడు, ప్లాస్టిక్ పెట్టెల్లో. అవి అమ్మకూడదు, ఎవరూ పేల్చకూడదు. ఆయన తుపాకీకి ఆయన కొలతలు అవి. మందు డబ్బాలు, ప్రైమర్లు, ఆ తూటాలు అన్నీ దగ్గర్లో ఉన్న గన్ క్లబ్‌లో తెలిసినవాళ్ళకి ఫోన్ చేసి వాళ్ళనే వచ్చి తీసుకెళ్ళమను. మూత మీద పేరు లేని మందుని ఎవరూ వాడరు.

శనివారం పాత సామాన్ల వాడు వస్తాడన్నావు. ఇవాళే ఆవిడ తలుపు కొట్టి, ఆ షెల్ఫ్ మీదవి ఏవీ అతనికి వెయ్యొద్దని చెప్పు. బకెట్ల సంగతి తర్వాత. నోట్‌బుక్ పేజీలన్నీ మంచి వెలుతురులో మనవడి చేత ఫోటో తీయించి పంపు. రాత్రికల్లా ఏ డబ్బాకి ఎంత అడగొచ్చో రాసి పెడతాను. చెల్లెమ్మని అడిగానని చెప్పు, బుజ్జిదానికి ముద్దులు.

నీ పాత రూమ్మేట్
డల్లాస్ నుంచి