చెరువు ఎండితే చెలక అయిపోతుందా?

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం మీ జిల్లా పేజీలో రంగుల పటంతో వచ్చిన వార్త గురించి ఈ ఉత్తరం. ఆ పటాన్ని మా కట్ట మీద నలుగురు పెద్దమనుషులకు చూపించి, నా కళ్లే మసకబారలేదు కదా అని ఖాయం చేసుకునేసరికి ఇన్ని రోజులైంది.

విమానం నుంచి తీసిన పాత ఫొటోలు, కొత్త ఫొటోలు పక్కపక్కన పెట్టి మా మండలంలో భూమి ఎట్లా మారిందో తేల్చేశారట. దాని ప్రకారం మా చెరువు ఇప్పుడు సాగుభూమి! నడి ఎండాకాలంలో ఫొటో తీస్తే దేవరకొండ దిక్కు ఏ చెరువులో నీళ్లుంటాయి? నెర్రెలిచ్చిన శిఖం, అంటే చెరువు అడుగు నేల, పైనుంచి దున్నిన చెలకలాగే కనిపిస్తుంది. సర్కారు తుమ్మ అల్లుకున్న పడావు భూమేమో 'తోట'. అది చూసి పచ్చదనం పెరిగిందని శీర్షిక కూడా పెట్టారు! నిరుడు నేను అప్పు చేసి నాటిన బత్తాయి మాత్రం 'బీడు' అయింది. మొక్కకూ మొక్కకూ 20 అడుగుల ఎడముంటే మధ్యలో ఎర్రనేల కాక ఇంకేం కనిపిస్తుంది?

'అత్యంత ఖచ్చితమైన పటం' అని రాశారు. ఎన్ని చోట్లకు పోయి చూశారు? ఎవరు చూశారు? ఒక్క ముక్క లేదు. లాటరీ తీసినట్టు చోట్లు ఎంచుకుని, అక్కడికి పోయి, పటం ఏమంటోంది, నేల ఏమంటోంది అని పట్టిక వేస్తారు. ఎర్రర్ మ్యాట్రిక్స్ అంటారు దాన్ని. జీపు పోయే రోడ్డు పక్కన నాలుగు చేన్లు చూసి రావడం కాదు.

నేను 30 ఏళ్లు లెక్కలు చెప్పినవాణ్ని, ఊరుకోలేను. మార్పు పటమంటే రెండు పటాల లెక్క. ఒక్కోటి నూటికి 85 చోట్ల సరైనదే అనుకుందాం. ఒకదాని తప్పుకు రెండోదానితో పొత్తు లేకపోతే, రెండూ ఒప్పయ్యేది దాదాపు 72 చోట్లే. గుణకారం వచ్చిన పిల్లవాడు చెప్తాడు. ఇంకో తమాషా వినండి. వంద ఎకరాల్లో నిజంగా మారింది అయిదే అనుకోండి. ఫ్యాను కింద కూర్చుని 'ఏమీ మారలేదు' అని రాసి కునుకు తీసినవాడికి కూడా 95 మార్కులు! అందుకే మొత్తం శాతం ఒక్కటి చెప్పి చేతులు దులుపుకోకూడదు. పటం చెరువన్న చోట్లలో నిజంగా చెరువులెన్ని, ఉన్న చెరువుల్లో పటానికి చిక్కినవెన్ని, ఈ రెండూ విడివిడిగా చెప్పాలి.

పాత ఫొటోను ఇప్పుడు పోయి సరిచూడలేం, నిజమే. కానీ ఏ సర్వే నంబరులో ఏం పంట వేశారో పాత పహాణీల్లో ఉంటుంది కదా, దుమ్ము దులిపితే చాలు. ఎవరు దులుపుతారు? 2020లో వీఆర్వోలను తీసేసిన నాటి నుంచి చేనుగట్టు మీద కాలు పెట్టే ఉద్యోగి మా ఊళ్లో కనబడింది లేదు. పాసుబుక్కు పట్టుకుని ఆఫీసుకు పోతే 'కంప్యూటర్ల అట్లనే ఉంది సార్' అంటారు. రేపు ఇదే పటం చూపించి ఎవడో శిఖంలో ప్లాట్ల రాళ్లు పాతితే అప్పుడూ ఇదే జవాబా?

ఆ పట్టిక అంటూ ఉంటే తెప్పించి అచ్చు వేయండి. మొన్నటి వానలకు మా చెరువు సగం నిండింది. మీ పటం లెక్కన అది మునిగిపోయిన పంటచేను. నష్టపరిహారం ఎవరి పేరు మీద రాసుకోవాలో అదీ వేయండి.

– ఒక విశ్రాంత లెక్కల ఉపాధ్యాయుడు, దేవరకొండ, నల్లగొండ జిల్లా