గాజు తలుపు దానంతటదే పగిలితే తప్పు ఎవరిది?

సంపాదకుడు గారికి,

నమస్కారం. మొన్నామధ్య మా స్నానాల గది గాజు తలుపు తెల్లవారుజామున భళ్లున పగిలింది. ఆ సమయంలో అటువైపు ఎవరూ లేరు. అమ్మినవాళ్లకు ఫోన్ చేస్తే "మీరే దేనితోనో కొట్టి ఉంటారు" అన్నారు. ఖనిజశాస్త్రం పాఠాలు చెప్పే మనిషిని కాబట్టి ఆ జవాబుతో ఊరుకోలేకపోయాను.

ఫ్రేములో రాలకుండా నిలిచిన భాగాన్ని టార్చి వేసి వెతికాను. పగుళ్లన్నీ ఒక్కచోటు నుంచే బయల్దేరాయి. అక్కడ రెండు ముక్కలు మిగతావాటికన్నా పెద్దవిగా, సీతాకోకచిలుక రెక్కల్లా ఆనుకుని ఉన్నాయి. వాటి మధ్య గీత మీద ఆవగింజలో సగం కూడా లేని నల్లచుక్క. సూక్ష్మదర్శిని కింద పెడితే గరుకు పైతొక్కతో పసిడి రంగులో మెరిసింది. అది నికెల్ సల్ఫైడ్.

గాజు కరిగించేటప్పుడు ఎక్కడి నుంచో రవ్వంత నికెల్ చేరి గంధకంతో కలిస్తే ఇలాంటి రేణువులు పుడతాయి. నికెల్ సల్ఫైడ్‌కు 379 డిగ్రీల సెల్సియస్ పైన ఒక స్ఫటిక నిర్మాణం, కింద మరొకటి. పైరూపంలో ఒక్కో నికెల్ పరమాణువు చుట్టూ ఆరు గంధకం పరమాణువులుంటాయి. కింది రూపం ప్రకృతిలో దొరికే మిల్లరైట్ ఖనిజమే. అందులో ఐదే ఉంటాయి. అమరిక వదులవుతుంది కాబట్టి రేణువు 2 నుంచి 4 శాతం దాకా ఉబ్బుతుంది.

మామూలు గాజు నింపాదిగా చల్లారుతుంది, ఈ మార్పు అప్పుడే జరిగిపోతుంది. మా తలుపుకు వాడిన టఫెన్డ్ గ్లాస్‌ను, అంటే బలం పెంచిన గాజును మాత్రం 600 డిగ్రీలు దాటించి, గాలి కొట్టి చటుక్కున చల్లారుస్తారు. రేణువు పాత అమరికలోనే ఇరుక్కుపోతుంది. తర్వాత గది ఉష్ణోగ్రతలో నెలల తరబడి, ఏళ్ల తరబడి మెల్లగా మారుతూ ఉంటుంది. టఫెన్డ్ గ్లాస్ పైపొరలు నొక్కుకుని, లోపలి పొర సాగదీసినట్టు బిగుసుకుని ఉంటుంది. ఆ లోపలి పొరలో రేణువు ఉబ్బి చిన్న పగులు తెచ్చిందంటే పలక మొత్తం ఒక్కసారిగా ముక్కలవుతుంది.

ఇది కొత్తగా కనిపెట్టిన సంగతేమీ కాదు. మెల్బోర్న్‌లోని ఐసీఐ హౌస్ అనే భవనం గోడలకు బిగించిన గాజు పలకలు పగులుతుంటే, బ్యాలంటైన్ అనే పరిశోధకుడు 1961లోనే కారణం నికెల్ సల్ఫైడ్ అని తేల్చారు. విరుగుడు కూడా ఉంది. అమ్మే ముందు పలకలను 260 నుంచి 290 డిగ్రీల దగ్గర గంటల పాటు ఉంచుతారు, దాన్నే హీట్ సోక్ పరీక్ష అంటారు. 379 కన్నా తక్కువే కాబట్టి రేణువు కింది రూపంలోకి మారాలి, అంత వేడిలో తొందరగా మారుతుంది. పగిలే పలకల్లో చాలావరకు ఫ్యాక్టరీలోనే పగిలిపోతాయి. ఒకటీ అరా తప్పించుకునే అవకాశం ఉంది, అందుకే తల మీద ఉండే కప్పులకు, బాల్కనీ పిట్టగోడలకు ముక్కలు రాలనివ్వని లామినేటెడ్ గ్లాసే వాడాలి.

మా తలుపుతో ఎవరికీ దెబ్బ తగల్లేదు. అదే పలక పదో అంతస్తులో ఉండి, కింద జనం నడుస్తుంటే? తలచుకుంటేనే గుండె ఝల్లుమంటుంది. ఎత్తులో బిగించే ప్రతి టఫెన్డ్ పలకకూ ఈ హీట్ సోక్ పరీక్ష తప్పనిసరి చేయాలి. పరీక్ష చేశారో లేదో బిల్లు మీద రాసివ్వాలి. ఫిర్యాదు వస్తే కొన్నవాళ్ల మీద నెట్టే ముందు ఆ రెండు రెక్కల ముక్కలను పరీక్షకు పంపాలి. పాఠకులకూ ఒక మనవి: గాజు పగిలితే వెంటనే ఊడ్చేయకండి. ముందు ఫొటో తీయండి, చేతికి గ్లౌజు వేసుకుని, పగుళ్లు మొదలైన చోట ముక్కలను టేపు అంటించి దాచండి.

ఇట్లు,
ఖనిజశాస్త్ర అధ్యాపకురాలు