‘పరిష్కారమైంది’ అని రాసి మీరే మూసేసిన నా ఫిర్యాదు గురించి

కస్టమర్ సపోర్ట్ విభాగం అధిపతి గారికి,

నమస్కారం. ఆ విభాగానికి అధిపతి అంటూ ఒక మనిషి ఉన్నారన్న నమ్మకంతో ఇది రాస్తున్నాను. ఇప్పటివరకూ జరిగింది చూస్తే ఆ నమ్మకానికి ఆధారమేమీ కనబడటం లేదు.

సమస్య చిన్నదే. నా బ్లాగులో పోస్టు పడగానే దాని లింకు నా సోషల్ మీడియా పేజీలకు దానంతటదే వెళ్లాలి. మీ టూల్‌కి డబ్బు కడుతున్నది అందుకే. అది వెళ్లడం లేదు. ఏ బ్రౌజర్, ఏ వెర్షన్, ఏ ఎర్రర్ కోడ్ అన్నవి ఇక్కడ మళ్లీ రాయను. అవన్నీ మీవాళ్లకు అడిగినప్పుడల్లా పంపాను, అడగనప్పుడూ పంపాను. టూల్ అన్నాక ఎప్పుడో ఒకప్పుడు మొరాయిస్తుంది, ఆ మాత్రం తెలియని మనిషిని కాను. మొరాయించిందని చెప్పుకున్నందుకు మీరు నన్ను తిప్పిన తిప్పట గురించే ఈ ఉత్తరం.

మీ డ్యాష్‌బోర్డులో అన్నీ పచ్చ టిక్కులే. ‘పబ్లిష్ అయింది’ అని ఉంటుంది, పేజీకి వెళ్లి చూస్తే ఏమీ ఉండదు. ‘ఈమధ్య రాయడం మానేశారా?’ అని పాఠకులు అడిగితే గానీ నాకీ సంగతి తెలియలేదు. అంటే మీ టూల్ పాడైన విషయం మీ టూల్ చెప్పలేదు, నా పాఠకులు చెప్పారు.

సరే అని సహాయం బటన్ నొక్కాను. చెయ్యి ఊపుతూ మీ చాట్‌బాట్ వచ్చింది. జరిగిందంతా ఓపిగ్గా టైప్ చేశాను. ‘మీరు పాస్‌వర్డ్ మార్చుకోవాలనుకుంటున్నారా?’ అంది. కాదన్నాను. ‘మీ ప్లాన్ అప్‌గ్రేడ్ చేసుకోవాలనుకుంటున్నారా?’ అంది. కాదన్నాను. ‘మనిషితో మాట్లాడాలి’ అని రాశాను. ‘మనిషి’ అనే అంశం మీద సహాయ వ్యాసాలేవీ దొరకలేదట. ఆ ఒక్క విషయంలో మాత్రం అది నిజమే చెప్పిందని తర్వాత అర్థమైంది.

ఎలాగో ఈమెయిల్ ఫారం వెతికి పట్టుకుని టికెట్, అంటే నంబరు పడే ఫిర్యాదు, పెట్టాను. ఇరవై నాలుగు గంటల్లో స్పందిస్తామని అక్కడ పెద్ద అక్షరాల్లో రాసుకున్నారు. స్పందన నిమిషంలోనే వచ్చింది, మీ ఫిర్యాదు అందింది అని. ఆ తర్వాత చాలా రోజులు నిశ్శబ్దం.

మొదట పలికినావిడ బ్రౌజర్ క్యాష్, అంటే అది దాచుకున్న పాత ఫైళ్లు, క్లియర్ చేసి, కుకీలు తీసేసి, వేరే బ్రౌజర్లో ప్రయత్నించమన్నారు. అమ్మా, షెడ్యూల్ చేసిన పోస్టులు వెళ్లేది మీ సర్వర్ నుంచి. నా కంప్యూటర్ ఆపేసి నేను నిద్రపోతున్నప్పుడు వెళ్లాల్సినవి అవి. వాటికీ నా బ్రౌజర్‌కీ సంబంధం ఏమిటని మర్యాదగానే అడిగాను. జవాబుగా అదే మెయిల్ మళ్లీ వచ్చింది. ఈసారి పైన ‘ప్రియమైన కస్టమర్_నేమ్’ అని ఉంది. నా పేరు పూరించే శ్రమ కూడా ఎవరూ పడలేదన్నమాట.

ఆ తర్వాత వచ్చినాయన స్క్రీన్‌షాట్ అడిగారు. పంపాను. వీడియో అడిగారు. తీసి పంపాను. తర్వాత హార్ ఫైల్ పంపమన్నారు. అదేమిటో మీవాళ్లకే తెలిసినట్టు లేదు కాబట్టి చెబుతున్నాను. బ్రౌజర్‌కీ సర్వర్‌కీ మధ్య నడిచిన వ్యవహారమంతా ఆ ఫైల్లో ఉంటుంది, చాలాసార్లు లాగిన్ కుకీలు, సెషన్ టోకెన్లతో సహా. పరాయివాడి చేతికి చిక్కితే పాస్‌వర్డ్ అక్కర్లేకుండానే నా అకౌంట్లోకి వచ్చేయొచ్చు. 2023లో, కంపెనీలకు లాగిన్ సేవలందించే ఓక్టా సంస్థ సపోర్ట్ సిస్టంలోకి చొరబడినవాళ్లు, కస్టమర్లు పంపిన సరిగ్గా ఇలాంటి ఫైళ్లలోంచే టోకెన్లు ఎత్తుకెళ్లారు. అలాంటి ఫైల్‌ని, కుకీలు తీసేసి పంపండి అన్న ఒక్క మాట లేకుండా మామూలు ఈమెయిల్‌కి అటాచ్ చేయమన్నారు మీవారు. నేనే కూర్చుని వాటిని తీసేసి పంపాను. ‘ఫైల్ అసంపూర్తిగా ఉంది, దయచేసి మళ్లీ పంపండి’ అని బదులొచ్చింది.

అసలు ఘనకార్యం చేసింది మాత్రం మూడో వ్యక్తి. పేజీలను ఒకసారి డిస్‌కనెక్ట్ చేసి మళ్లీ కనెక్ట్ చేయమని, దానివల్ల ఏ ఇబ్బందీ ఉండదని రాశారు. ‘నేను షెడ్యూల్ చేసి పెట్టుకున్నవి పోతాయా?’ అని ముందే అడిగాను. ‘నిశ్చింతగా చేయండి’ అన్నారు. చేశాను. షెడ్యూల్ చేసినవన్నీ మాయమయ్యాయి. అవి ఉత్త లింకులు కావు. ఒక్కో పేజీకి తగ్గట్టు విడివిడిగా రాసుకున్న పరిచయాలు. ఒకచోట 280 అక్షరాల్లో ఇమడాలి, ఇంకోచోట వివరంగా ఉండాలి, మరోచోట బొమ్మ కింద కుదురుగా సరిపోవాలి. చదివేవాళ్లకు రెండు వాక్యాలే గానీ వాటిని కుదించడానికి పట్టే సమయం రాసేవాళ్లకే తెలుస్తుంది.

పోయాయని రాస్తే నాలుగో వ్యక్తి దిగారు. ఆయన జవాబు ఉన్నదున్నట్టు చెబుతున్నాను: ‘మీ అకౌంట్‌ను పరిశీలించాం. షెడ్యూల్ చేసిన పోస్టులేవీ లేవు. కాబట్టి అవి విఫలమయ్యే అవకాశం లేదు.’ ఈ తర్కానికి ఎవరికైనా ప్రమోషన్ ఇచ్చి ఉంటే దయచేసి వెనక్కి తీసుకోండి.

ఇంకొకరు ‘మీ సమస్యకు పూర్తి పరిష్కారం ఇక్కడ ఉంది’ అని ఒక లింకు పంపారు. తెరిచి చూద్దును కదా, అది నేను రాసిన వ్యాసమే! కొత్తగా బ్లాగు పెట్టినవాళ్లు మీ టూల్‌ని ఎలా వాడుకోవాలో వివరిస్తూ, మీ టీం అడిగితే పైసా తీసుకోకుండా మీ సైట్‌కి రాసిచ్చిన వ్యాసం. కింద నా పేరు, ఫోటో ఇప్పటికీ ఉన్నాయి. ఫిర్యాదు చేస్తున్న మనిషికి ఆ మనిషి రాసినదే పరిష్కారంగా పంపిన ఘనత ఇంకే కంపెనీకైనా దక్కిందో లేదో మరి. ఆ వ్యాసం రాసింది నేనేనని జవాబిస్తే, ‘మీ అభిప్రాయం మాకెంతో విలువైనది’ అని వచ్చింది.

చివరికి ‘మీ వైపు నుంచి స్పందన లేనందున ఈ టికెట్‌ను పరిష్కారమైనట్టు పరిగణించి మూసివేస్తున్నాం’ అన్నారు. ఆ టికెట్లో చివరి మెయిల్ నాదే. స్పందించాల్సింది మీరే. మూసేసిన టికెట్‌కి జవాబు రాస్తే అది కొత్త నంబరుతో కొత్త టికెట్ అవుతుంది, కొత్త మనిషి వస్తారు, క్యాష్ క్లియర్ చేశారా అని మొదలుపెడతారు. మీ లెక్కల పుస్తకంలో మాత్రం ఒక ఫిర్యాదు వేగంగా పరిష్కారమైనట్టు నమోదవుతుంది. టికెట్ మూసిన సాయంత్రమే, మా సేవకు ఎన్ని నక్షత్రాలు ఇస్తారు అంటూ సర్వే వచ్చింది. నింపి, వ్యాఖ్యల పెట్టెలో జరిగిందంతా రాశాను. ‘సమర్పించు’ నొక్కితే ఎర్రర్ వచ్చింది.

ఇక లాభం లేదని మీ అధికారిక పేజీలో అందరికీ కనిపించేలా రాశాను. అప్పుడు మాత్రం క్షణాల్లో పలికారు. ‘మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం, దయచేసి డైరెక్ట్ మెసేజ్ చేయండి’ అని, పక్కన దండం పెట్టే ఎమోజీ. మెసేజ్ చేశాను. ఒక లింకు వచ్చింది. అది సహాయ కేంద్రానికి, సహాయ కేంద్రం ఫారానికి, ఫారం చాట్‌బాట్‌కి దారితీసి, గానుగెద్దులా తిరిగి తిరిగి నేను మళ్లీ మొదలుపెట్టిన చోటికే చేరాను. నలుగురి ముందు దండం, చాటుకు తీసుకెళ్లి తలుపు వేయడం. మీ సోషల్ మీడియా విధానం ఇదే అయితే, ఇతరులకు సోషల్ మీడియా టూల్ అమ్మే హక్కు మీకెక్కడిది?

ఇంత జరుగుతుంటే మీ మిగతా మెయిళ్లు మాత్రం ఒక్కటి తప్పకుండా వస్తున్నాయి. ‘ఈ వారం మీరేమీ షేర్ చేయలేదు, మీ పాఠకులు మీ కోసం ఎదురుచూస్తున్నారు!’ అని ఒకటి. ‘మీ రీచ్ పడిపోయింది’ అని ఎర్ర బాణం గీసి ఇంకొకటి. పడేసిందెవరు? ప్రీమియం ప్లాన్‌కి మారితే సపోర్ట్‌లో ప్రాధాన్యం ఇస్తారట, అదొకటి. రెన్యువల్ డబ్బు మాత్రం గడువు రోజున నా కార్డు నుంచి ఠంచనుగా తీసుకున్నారు. ఆ పని చేసే సర్వర్‌కి ఎప్పుడూ క్యాష్ క్లియర్ చేయనక్కర్లేదు కాబోలు.

తప్పు మీది కాకపోయి ఉండొచ్చు కూడా. ఈ రంగంలో ఉన్నవాళ్లెవరికైనా తెలుసు, మీలాంటి టూళ్లు పెద్ద ప్లాట్‌ఫాంల దయ మీద నడుస్తాయి. ఫేస్‌బుక్ 2018 ఆగస్టు 1 నుంచి బయటి యాప్‌లు వ్యక్తిగత ప్రొఫైళ్లలో పోస్టు చేయడం ఆపేసింది. అప్పట్లో పేజీలకు, గ్రూపులకు మాత్రమే వీలుంచింది. 2023లో ట్విట్టర్ తన ఏపీఐకి, అంటే బయటి యాప్‌లు దానితో కలిసి పనిచేసే దారికి, డబ్బు అడగడం మొదలుపెట్టాక ఎన్నో సర్వీసులు చిక్కుల్లో పడ్డాయి. అప్పుడు బ్లాగర్లకు సేవలందించే వర్డ్‌ప్రెస్ డాట్ కామ్, జెట్‌ప్యాక్ వాళ్లు ఏం చేశారు? ట్విట్టర్‌కి ఆటో షేరింగ్ ఆపేస్తున్నాం, కారణం ఇదీ అని పోస్టు పెట్టి చెప్పారు. వాడేవాళ్లకు బాధ కలిగి ఉంటుంది గానీ అవమానం కలగలేదు. మీ దగ్గర కూడా అలాంటిదేదో జరిగి ఉంటే, లేదా మామూలుగా టోకెన్ గడువు తీరి మళ్లీ అనుమతి ఇవ్వాల్సి వచ్చి ఉంటే, ఒక్క వాక్యం చాలు. ‘ఇది మా చేతుల్లో లేదు’ అనండి. నేను నా దారి చూసుకుంటాను. పచ్చ టిక్కు పెట్టి అబద్ధం చెప్పి, చెప్పిందాన్ని నిలబెట్టుకోవడానికి మనుషులను కూర్చోబెట్టి జీతాలివ్వడమేమిటి?

నేను మీ దగ్గరికి నిన్నగాక మొన్న వచ్చినదాన్ని కాదు. నచ్చిన బ్లాగుల కొత్త పోస్టులన్నీ ఫీడ్‌గా ఒకేచోట చూపించే గూగుల్ రీడర్ 2013 జులై 1న మూతపడ్డాక, ఫీడ్ ద్వారా వచ్చి చదివే నా పాఠకులు ఒక్కొక్కరే తగ్గిపోయారు. లింకు వాళ్లున్న చోటికి వెళ్తే తప్ప చదవని రోజులొచ్చాయి. అందుకే మీలాంటి టూల్ అవసరమైంది. మూసేసినందుకు గూగుల్‌ని అప్పట్లో నేనూ తిట్టుకున్నాను. అయితే వాళ్లు మార్చిలోనే చెప్పారు, చందా ఉన్న ఫీడ్ల జాబితాను దించుకునే వీలూ ఇచ్చారు. పొమ్మన్న కంపెనీ పాటించిన మర్యాద కూడా, ఉండమంటున్న మీరు పాటించడం లేదు.

మీ లోగో మారక ముందు నుంచి ఉన్నాను. మీ యాప్ తెరిస్తే మూసుకుపోయే రోజుల్లోనూ ఉన్నాను. నా మాట మీద మీ దగ్గర చేరిన బ్లాగర్లు ఎందరో ఉన్నారు. మీకంటే చవకగా ఇస్తామన్నవాళ్లు వచ్చినా, ఉన్నచోట ఉందాంలే అనుకున్నాను. కొత్తగా చేరేవాళ్లకు తగ్గింపు ధర, పాతవాళ్లకు చాట్‌బాట్. మీ గౌరవ మర్యాదల పట్టిక ఇదేనని ముందే రాసి పెట్టి ఉంటే నేనూ ఏటా కొత్తదాన్నై చేరేదాన్ని.

పోయిన పోస్టులు మీ బ్యాకప్‌లో ఎక్కడో ఉండే ఉంటాయి. వాటిని వెతికి నా అకౌంట్లోకి తెప్పించండి. డబ్బు వాపసు సంగతి తర్వాత మాట్లాడుకుందాం, అయితే మాట్లాడుకోవాలి. అంతకంటే ముందు నా టికెట్లన్నీ మొదటి నుంచి చివరిదాకా చదివిన ఒక మనిషి, తన పేరుతో, తన మాటల్లో నాకు రాయాలి. అంత ఖాళీ ఉన్న మనిషి మీ దగ్గర లేకపోతే ఆ మాటే రాయండి.

రాకపోతే ఏం చేస్తానో కూడా చెబుతాను. నా బ్లాగు మొత్తాన్ని ఎక్స్‌పోర్ట్ చేసుకోవడం అయిపోయింది, అది మీ అనుమతి లేకుండా జరిగే పని. రెన్యువల్ సొమ్ము మీద బ్యాంకులో వివాదం నమోదు చేస్తాను. వినియోగదారుల కమిషన్‌కి వెళ్లాల్సి వస్తే వెళ్తాను. మీ మెయిళ్లన్నీ తేదీలతో సహా దాచి ఉంచాను, ‘కస్టమర్_నేమ్’ గారికి వచ్చిన దానితో కలిపి. మీ సీఈవో గారు కస్టమరే దేవుడంటూ తన ప్రొఫైల్లో తరచూ రాస్తుంటారు. ఆ పోస్టుల కిందకి వచ్చి ఈ దేవుడి అనుభవం వివరిస్తాను. డైరెక్ట్ మెసేజ్ చేయమంటే చేయను. మీ సైట్లో ఉన్న నా వ్యాసాన్ని కూడా వెంటనే తీసేయండి. దాన్ని నమ్మి ఇంకెవరూ మీ దగ్గర చేరకూడదు.

టికెట్ నంబరు వేయడం లేదు. అవి చాలా ఉన్నాయి. ఏ ఒక్కటి లాగినా మిగతావన్నీ బయటికొస్తాయి.

ఇట్లు,
మీ పాత కస్టమర్