ఒక్కరే మాట్లాడే పాడ్‌కాస్టు: ఎదురు ప్రశ్న లేనిచోట నమ్మకం

సంపాదకుల వారికి నమస్కారాలు.

చెన్నైలోని తెలుగువారిలోనూ ఈమధ్య పాడ్‌కాస్టులు చేసేవారు కనిపిస్తున్నారు. స్టూడియో, బృందం, అతిథి ఏవీ లేకుండా ఇంట్లో ఒక గదిలో కూర్చొని తామొక్కరే మాట్లాడి రికార్డు చేసి వినిపించేవారు వీరిలో చాలామంది. తాంబరం నుంచి బీచ్ స్టేషను దాకా రైలులో వెళ్లివచ్చే నాలాంటి వారికి ఇవి మంచి తోడు. అయితే శ్రోతల నమ్మకం సంపాదించడం గురించి వీరికి అందే సలహాలన్నీ మైకు చుట్టూ, గొంతు చుట్టూ, స్నేహితుడితో మాట్లాడినట్లు మాట్లాడడం చుట్టూ తిరుగుతున్నాయి. నాకు తోచినంతవరకు అసలు చిక్కు వేరే ఉంది. ఇద్దరు మాట్లాడుకునే చోట ఒకరు తొందరపడితే రెండోవారు ‘అది మీకెలా తెలుసు?’ అని అడుగుతారు. ఒక్కరే మాట్లాడే చోట ఆ ప్రశ్న వేసే మనిషే ఉండడు.

చెవిలో ఇయర్‌ఫోను పెట్టుకొని రోజూ ఒకే గొంతు వింటుంటే ఆ మనిషి మనకు బాగా తెలిసినవాడనే భావన దానంతటదే ఏర్పడుతుంది. రేడియో, టెలివిజన్లలో కనిపించే, వినిపించే వ్యక్తులతో ప్రేక్షకులు పెంచుకునే ఈ ఏకపక్షపు చనువు గురించి డొనాల్డ్ హోర్టన్, రిచర్డ్ వోల్ అనే పరిశోధకులు 1956లోనే రాశారు. పాడ్‌కాస్టరు పెద్దగా శ్రమపడకపోయినా ఈ చనువు అతనికి దక్కుతుంది. దాన్నే నమ్మకమని అతడు పొరబడినా, శ్రోత పొరబడినా ప్రమాదమే, ఎందుకంటే మధుమేహానికి మాత్రలు మానేసి కషాయం తాగమని చెప్పే గొంతు కూడా అంతే ఆప్యాయంగా వినిపించగలదు.

మన నగరంలో ఒంటరి ప్రసంగం కొత్తదేమీ కాదు. ఆకాశవాణి మద్రాసు కేంద్రం 1938 జూన్ 16న ప్రారంభమైంది. 1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రం వచ్చేదాకా కోస్తా జిల్లాల శ్రోతలు తెలుగు ప్రసంగాల కోసం ప్రధానంగా మద్రాసు వైపే చెవి ఒగ్గేవారు. అక్కడ వక్త మైకు ముందు ఒక్కడే కూర్చున్నా, అతని ప్రసంగ పాఠం ముందుగా అధికారి చేతికి వెళ్లేది, అనుమానం ఉన్న వాక్యం అక్కడే ఆగేది. ఆ పద్ధతిలో ప్రభుత్వ కత్తెర కూడా ఉండేదన్నది నిజమే, దాన్ని తిరిగి తెమ్మని నేను కోరడం లేదు. కాని ఆ రెండో జత కళ్లు చేసిన పనిని ఇప్పుడు పాడ్‌కాస్టరు తానే చేసుకోవాలి, అదీ శ్రోతకు వినబడేలా చేయాలి.

ఎలా చేయాలో చెప్పడానికి మన చరిత్రలోనిదే ఒక విషయం తీసుకుంటాను. పొట్టి శ్రీరాములు గారి నిరాహార దీక్ష గురించి ఎవరైనా ఒక ఎపిసోడ్ చేస్తున్నారనుకుందాం. దీక్ష ఎన్ని రోజులు సాగిందన్నదానికి 56, 58 అనే రెండు అంకెలూ ప్రచారంలో ఉన్నాయి. ఏదో ఒకటి ధీమాగా చెప్పి ముందుకు సాగితే కథనం బిగువుగానే ఉంటుంది. అలా కాకుండా, ‘దీక్ష 1952 అక్టోబరు 19న మొదలైంది, ఆయన డిసెంబరు 15 రాత్రి కన్నుమూశారు, రెండు తేదీలనూ కలుపుకొని లెక్కిస్తే 58 రోజులు, వేరే అంకె కూడా మీరు విని ఉంటారు’ అని చెప్పడానికి అర నిమిషం కూడా పట్టదు. లెక్క ఎలా వచ్చిందో విన్న శ్రోత దాన్ని తానే వేసి చూసుకోగలడు. అలా సరిచూసుకునే అవకాశం ఇచ్చిన వక్త రేపు తేదీలు దొరకని మరో విషయం చెప్పినప్పుడు కూడా అతని మాటకు విలువ ఉంటుంది. చదివినది, స్వయంగా చూసినది, ఇతరులు చెప్పగా విన్నది, కేవలం తన ఊహ, ఈ నాలుగింటినీ కలగలపకుండా వేరువేరుగా చెప్పే పాడ్‌కాస్టరు నాకు ఇంకా అరుదుగానే తారసపడుతున్నాడు.

తెలియనిదాన్ని తెలియదని ఒప్పుకుంటే శ్రోతలు జారిపోతారనే భయం కొందరిలో ఉంది. 1933 మార్చి 12న, అమెరికాలో బ్యాంకులన్నీ మూతపడి ఉన్న రోజుల్లో, అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ రేడియోలో ఒక్కడే మాట్లాడాడు. బ్యాంకు మన డబ్బుతో ఏమి చేస్తుందో మామూలు మాటల్లో వివరించి, ప్రతి బ్యాంకూ తిరిగి తెరుచుకుంటుందని గాని, ఎవరికీ నష్టం రాదని గాని తాను హామీ ఇవ్వడం లేదని స్పష్టంగా చెప్పాడు. మరునాటి నుంచి బ్యాంకులు తెరుచుకోగా, జనం డబ్బు తీసుకోవడానికి బదులు తిరిగి జమ చేయడానికి వరుస కట్టారు.

ఇక తప్పుల సంగతి. పత్రికలో పొరపాటు దొర్లితే మరునాడు సవరణ వేస్తారు, పాత ప్రతి మాత్రం అలాగే మిగిలి ఉంటుంది. పాడ్‌కాస్టులో ఈ పరిస్థితి తలకిందులవుతుంది: పాత ఆడియో ఫైలును తీసి, అదే శీర్షిక కింద కొత్తది పెట్టేయవచ్చు. ముందుగా డౌన్‌లోడ్ చేసుకున్న శ్రోత దగ్గర తప్పు మాటే ఉండిపోతుంది, కొత్తగా వినేవారికి అక్కడ తప్పు జరిగిందనే తెలియదు. కాబట్టి సవరణను తరువాతి ఎపిసోడ్ మొదట్లోనే, అదే గొంతుతో, ఏ ఎపిసోడ్‌లో ఏమి తప్పు చెప్పారో పేర్కొంటూ చదవడం కనీస మర్యాద. వివరణ పెట్టెలో ఒక మూల రాసి ఊరుకుంటే, రైల్లో ఫోను జేబులో పెట్టుకొని వినేవాడికి అది చేరదు.

డబ్బు తీసుకొని చెప్పే మాటల విషయంలో నియమం ఇప్పటికే ఉంది. భారత ప్రకటనల ప్రమాణాల మండలి 2021లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, ఆడియోలో వాణిజ్య సంబంధాన్ని మొదట్లోనూ చివరలోనూ వినిపించాలి. దీన్ని పాటించేవారు కొందరు ఉన్నారు. మిగిలినవారు ‘నేను రోజూ వాడేది’ అంటూ సొంత అనుభవంలా నూనె సీసాలూ, పెట్టుబడి పథకాలూ అమ్ముతున్నారు. ఎదురుగా మరో మనిషి ఉండి ఉంటే కనీసం నవ్వేవాడు.

శబ్దం గురించి రెండు మాటలు చాలు. ఫ్యాను ఆపి, గోడలు ప్రతిధ్వనించని చిన్న గదిలో, మైకును నోటికి జానెడు దూరంలో పెట్టుకుంటే సరిపోతుంది. మే నెల చెన్నైలో ఫ్యాను ఆపడం ఎంత త్యాగమో మాకు తెలుసు కనుక కొంచెం రొద ఉన్నా క్షమిస్తాం.

చివరిగా మీకొక విన్నపం. కొత్త పుస్తకాలకు మీ ఆదివారం పుటల్లో సమీక్షలు వస్తున్నాయి. పాడ్‌కాస్టులకు కూడా వారానికొక చిన్న జాగా కేటాయించి, చెప్పిన విషయాలు ఎంతవరకు నిలుస్తాయో, ఆధారాలు చెప్పారో లేదో, ప్రకటనలను ప్రకటనలుగా వినిపించారో లేదో పరిశీలించే సమీక్షలు రాయించండి. తెలుగు రాష్ట్రాల వెలుపల చెన్నై, బెంగళూరు వంటి చోట్ల నుంచి చేస్తున్నవారిని కూడా అందులో చేర్చగలరు.

ఇట్లు,
ఒక పాఠకుడు,
తాంబరం, చెన్నై